పోలీసు రేడియో వినే పెట్టె: అమెరికాలో తొంభై ఏళ్ళకు పైబడిన కథ



ఈసారి మన వలస చరిత్ర, గుడి చరిత్ర కాకుండా వేరే సంగతి రాస్తున్నాను. కొంచెం పొడుగు. తీరిక చూసుకుని చదవండి.

మన ఇళ్ళల్లో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. వాళ్ళ దగ్గర నాలుగైదు నెలలు ఉండి వచ్చే పెద్దవాళ్ళు అక్కడ ఒక వింత చూసే ఉంటారు. పక్కింటి పెద్దాయన వరండాలో కూర్చుని, చేతిలో పట్టేంత పెట్టె ఒకటి పక్కన పెట్టుకుని, పోలీసులూ ఫైరింజను వాళ్ళూ వైర్‌లెస్‌లో మాట్లాడుకునేది వింటూ ఉంటాడు. ఆ పెట్టె పేరు స్కానర్. ఇది చూసిన మనవాళ్ళకు మొదట వచ్చే అనుమానం ఒకటే: ఇది నేరం కాదా? అక్కడ కాదు. 1928 నుంచీ ఏదో ఒక రూపంలో జనం వింటూనే ఉన్నారు. కానీ ఈ పదేళ్ళలో ఆ పెట్టెలు ఒక్కో ఊరిలో మూగబోతున్నాయి. ఎందుకు మూగబోతున్నాయో, దాని వెనక ఉన్న తగాదా ఏమిటో చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఆ తగాదా చివరికి మనందరికీ సంబంధించినదే.

మన చట్టం, వాళ్ళ చట్టం

మనకు ఆ అనుమానం రావడంలో తప్పు లేదు. మన దేశంలో 1885 టెలిగ్రాఫ్ చట్టం, 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం రెండూ బ్రిటిష్ వాళ్ళు చేసినవి. 1933 చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. దాంతో ఏం విన్నావు, ఏం చేశావు అన్నది తర్వాతి మాట. పాటలు వినే రేడియోకు కూడా పోస్టాఫీసులో ఏడాదికొకసారి డబ్బు కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకున్న రోజులు అరవై దాటినవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. 1980లలో ఆ బాధ తప్పింది. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం చేసి ఆ పాత చట్టాలను తీసివేసే ఏర్పాటు చేశారు. కానీ రేడియో పరికరానికి సర్కారు అనుమతి ఉండాలన్న మూలసూత్రం అలాగే ఉంది.

అమెరికా వాళ్ళది వేరే దారి. అక్కడ 1934లో కమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. దాని ధోరణి ఇది: గాలిలో వచ్చే మాట నీ చెవిన పడితే అది నేరం కాదు, కానీ నీది కాని సమాచారాన్ని నీ లాభానికి వాడుకోకూడదు. 1986లో ఎలక్ట్రానిక్ సంభాషణల గోప్యతకు చట్టం చేసినప్పుడు కూడా, జనానికి మామూలుగా అందుబాటులో ఉండే పోలీసు, ఫైర్ రేడియో వినడాన్ని నేరాల జాబితాలో చేర్చలేదు. తాళం వేసి పంపిన మాటను విప్పడం మాత్రం నేరం. ఈ తేడాను గుర్తు పెట్టుకోండి. మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

డెట్రాయిట్‌లో మొదలు

మోటారు కార్లకు పుట్టినిల్లయిన డెట్రాయిట్ నగరంలో 1920లలో దొంగలు కార్లలో పారిపోతుంటే పోలీసులు దిక్కుతోచక నిలబడేవాళ్ళు. స్టేషనుకు ఫిర్యాదు వచ్చినా, వీధిలో తిరిగే పోలీసు కారుకు ఆ కబురు చేరే మార్గం లేదు. కారులో రేడియో పెట్టి చూద్దామని కొన్నేళ్ళు ప్రయత్నించారు. గుంతల రోడ్ల మీద ఆ కుదుపులకు అప్పటి వాల్వు సెట్లు నిలిచేవి కావు. అప్పట్లో పోలీసు రేడియోకు వేరే కోటా కూడా లేదు. అందుకని ఆ పోలీసు స్టేషనుకు వినోద ప్రసార కేంద్రంగానే లైసెన్సు ఇచ్చారు. కాబట్టి దొంగ కారు నంబరు చెప్పే మధ్యలో పాటలు కూడా వేయవలసి వచ్చేది! చివరికి 1928 ఏప్రిల్‌లో అక్కడి ప్రసారం నిలదొక్కుకుంది. చరిత్రలో అదే పోలీసు రేడియోకు గట్టి పునాది.

అది ఒకవైపు రేడియో. స్టేషను చెబుతుంది, కారు వింటుంది. జవాబు చెప్పాలంటే పోలీసు కారు దిగి టెలిఫోను వెతుక్కోవాలి. రెండువైపులా మాట్లాడే సెట్లు 1933లో న్యూజెర్సీలోని బేయాన్ అనే ఊరి పోలీసులు పెట్టుకున్నారు. అప్పటి పోలీసు ప్రసారాలు మామూలు రేడియో స్టేషన్లకు కొంచెం పైన, పక్కనే ఉండేవి. ఇంట్లో రేడియో ముల్లు కొసదాకా తిప్పితే చాలు, వినబడేవి. 1930లలో అమ్మిన చాలా రేడియోల డయలు మీద ‘పోలీసు’ అని అచ్చు కూడా వేసేవారు. రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ పోలీసు కాల్స్ వినడం ఒక కాలక్షేపం అయింది. న్యూయార్క్‌లో వీజీ అన్న పేరుతో ప్రసిద్ధుడైన ఫొటోగ్రాఫరు 1938లో అనుమతి తీసుకుని తన కారులోనే పోలీసు రేడియో పెట్టుకున్నాడు. నేరం జరిగిన చోటికి పోలీసులతో సమానంగా చేరి తీసిన అతని ఫొటోలు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి.

1940లో కనెక్టికట్ రాష్ట్ర పోలీసులు ఎఫ్.ఎం. పద్ధతికి మారారు. డేనియల్ నోబుల్ అనే ఇంజనీరు దాన్ని రూపొందించాడు. గరగర తగ్గింది, మాట శుభ్రంగా వచ్చింది. యుద్ధం తర్వాత దేశమంతా అదే దారి పట్టింది. దాంతో ఇంట్లో పాటల రేడియోకు పోలీసు మాట అందకుండా పోయింది. వినాలనుకున్నవాళ్ళు వేరే రిసీవరు కొనుక్కోవలసి వచ్చింది.

స్కానర్ పుట్టింది

1970ల నాటి స్కానర్‌లో ఒక్కో ఛానల్‌కు ఒక్కో స్ఫటికపు ముక్క పెట్టాలి. దానికి క్రిస్టల్ అని పేరు. మీ ఊరి పోలీసులకు ఒకటి, ఫైరుకు ఒకటి, అంబులెన్సుకు ఒకటి అని అంగడిలో కొని పెట్టెలో గుచ్చుకోవాలి. పెట్టె ఆ ఛానళ్ళను వరుసగా తడుముతూ పోతుంది. ఎక్కడ మాట వినబడితే అక్కడ ఆగుతుంది, మాట అయిపోగానే మళ్ళీ నడక మొదలు. పెట్టె మీద చిన్న ఎర్ర దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరుతూ ఉంటాయి. ఆ తర్వాత క్రిస్టల్ అవసరం లేకుండా, అంకెలు నొక్కి పెట్టుకునే స్కానర్లు వచ్చాయి. బేర్‌క్యాట్ అన్న పేరు ఇంటింటా తెలిసిన పేరయింది.

ఇవి కొన్నవాళ్ళు ఎవరు? పత్రికాఫీసుల్లో ఒకటి తప్పకుండా ఉండేది. అమెరికాలో అగ్నిమాపక సిబ్బందిలో సగానికి పైగా జీతం లేని వాలంటీర్లు. వాళ్ళ ఇళ్ళల్లో ఉండేది. పాడైన బండ్లను లాక్కుపోయే వాళ్ళు కొన్నారు. రైళ్ళంటే ఇష్టమున్నవాళ్ళు డ్రైవరు, కంట్రోలు మాటలు వినడానికి కొన్నారు. ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళూ కొన్నారు. వాళ్ళకు అది ఊరి సందడి.

బుకింగ్ కౌంటరు లెక్క

ఇంతలో ఊళ్ళు పెరిగాయి, రేడియోలు పెరిగాయి, ఛానళ్ళు మాత్రం చాలలేదు. ఇక్కడి నుంచి కథ కొంచెం సాంకేతికం. రైల్వేలో పని చేసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన ఉదాహరణతోనే చెబుతాను.

ఒక స్టేషన్లో ఐదు బుకింగ్ కౌంటర్లు ఉన్నాయనుకోండి. ఒక్కో కౌంటరు ముందు ఒక్కో వరుస. ఒక వరుసలో ఎవరో చిల్లర కోసం వెతుకుతుంటే వెనక ఇరవై మంది ఆగిపోతారు. పక్క కౌంటరులో క్లర్కు ఖాళీగా కూర్చుని ఉంటాడు. పాత పోలీసు రేడియో ఇదే. పోలీసులకు ఒక ఛానల్, ఫైరుకు ఒకటి, నీళ్ళ శాఖకు ఒకటి. పోలీసు ఛానల్ కిక్కిరిసి ఉంటే నీళ్ళ శాఖ ఛానల్ ఖాళీగా నిద్రపోతూ ఉంటుంది.

ఇప్పుడు అందరికీ కలిపి ఒకటే వరుస పెట్టండి. ముందున్న మనిషి ఏ కౌంటరు ఖాళీ అయితే ఆ కౌంటరుకు పోతాడు. అవే ఐదు కౌంటర్లు, అదే ఐదుగురు క్లర్కులు, ఎదురుచూపు మాత్రం బాగా తగ్గుతుంది. ఈ లెక్కను మొట్టమొదట టెలిఫోను లైన్ల కోసం చేసినవాడు కోపెన్‌హాగన్‌లో పని చేసిన డేనిష్ గణితజ్ఞుడు ఎర్లాంగ్. ఆయన మొదటి వ్యాసం 1909లో వచ్చింది. రెండు ఎక్స్‌చేంజీల మధ్య అందరూ పంచుకునే లైన్లకే ట్రంకు లైన్లని పేరు. మనం ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకున్నామే, అదే ట్రంకు. ఆ పద్ధతిని రేడియోకు పట్టిస్తే దాని పేరు ట్రంకింగ్.

మరి రేడియోలో ఎవరు ఏ కౌంటరుకు పోవాలో చెప్పేదెవరు? ఒక ఛానల్‌ను కేవలం దానికోసమే పెడతారు. దాని పేరు కంట్రోల్ ఛానల్. దాని మీద మనుషుల మాట ఉండదు. కంప్యూటరు పంపే అంకెల గరగర మాత్రం ఎడతెగకుండా వస్తుంది. ఒక పోలీసు తన సెట్టు మీట నొక్కగానే ఆ సెట్టు కంట్రోల్ ఛానల్‌లో అర్జీ పెడుతుంది. కంప్యూటరు ఖాళీ ఛానల్ ఒకటి చూసి, ఆ బృందానికి చెందిన సెట్లన్నిటినీ అక్కడికి పొమ్మని చెబుతుంది. ఇదంతా సెకనులో చిన్న భాగంలో అయిపోతుంది. మాట అయ్యాక మళ్ళీ అందరూ కంట్రోల్ ఛానల్‌కు వచ్చేస్తారు. ఆ బృందానికి ఉన్న అంకెను టాక్‌గ్రూప్ అంటారు. అంటే ఇక మీద ‘పోలీసు ఛానల్’ అన్నది లేదు. ఉన్నది పోలీసు టాక్‌గ్రూప్. అది ఈ నిమిషం ఒక ఛానల్ మీద ఉంటుంది, మరు నిమిషం ఇంకొకదాని మీద ఉంటుంది.

1970లలో అమెరికా సర్కారు 800 మెగాహెర్ట్జ్ ప్రాంతాన్ని ఇలాంటి వాడకానికి తెరిచింది. 1980లలో నగరాలు ఒక్కొక్కటీ ట్రంకింగ్‌కు మారాయి. పాత స్కానర్ ఉన్నవాళ్ళకు తల తిరిగిపోయింది. ఒక ఛానల్ మీద దొంగతనం గురించి సగం మాట, దాని జవాబు ఇంకో ఛానల్ మీద, మొదటి ఛానల్ మీద ఇప్పుడు చెత్త బండి డ్రైవరు. కథ తల ఒకచోట, తోక ఒకచోట.

అడ్డును దాటినవాళ్ళు

వినకూడదని ఎవరూ ఈ పద్ధతి పెట్టలేదు. ఛానళ్ళు ఆదా చేయడానికి పెట్టారు. వినడం కష్టం కావడం దాని పక్క ఫలితం. కంట్రోల్ ఛానల్‌లో కంప్యూటరు చెప్పేది బహిరంగంగానే చెబుతోంది. అర్థం చేసుకోగలిగితే ఎవరైనా వెంట పోవచ్చు. 1990లలో కొందరు ఔత్సాహికులు స్కానర్ లోపలి నుంచి ఒక తీగ బయటికి లాగి ఇంటి కంప్యూటరుకు కలిపి, ఆ అంకెలను చదివే ప్రోగ్రాములు రాశారు. ఏ అంకె ఏ బృందానిదో రాత్రింబవళ్ళు విని, జాబితాలు రాసుకుని ఒకరికొకరు పంచుకున్నారు. ఆ ఓపిక చూస్తే మన పాత గూడ్స్ ఆఫీసుల్లో వ్యాగన్ నంబర్లు చేత్తో రాసిన క్లర్కులు గుర్తుకొస్తారు.

1997లో యూనిడెన్ కంపెనీ ట్రంక్‌ట్రాకర్ అనే స్కానర్ తెచ్చింది. కంట్రోల్ ఛానల్‌ను తానే చదువుకుని టాక్‌గ్రూప్ వెంట ఛానల్ నుంచి ఛానల్‌కు తిరిగే మొదటి స్కానర్ అది. తెగిన కథ మళ్ళీ అతుక్కుంది.

అదే కాలంలో సెల్‌ఫోన్ల గురించి వేరే గొడవ నడిచింది. అప్పటి అనలాగ్ సెల్‌ఫోన్ మాటలు కూడా స్కానర్లలో వినబడేవి. అది ఇద్దరి సొంత మాట కాబట్టి, ఆ ఛానళ్ళు అందే స్కానర్ల తయారీ, దిగుమతి 1994 నుంచి నిషేధించారు. అయినా 1996 డిసెంబరులో ఫ్లోరిడాలో ఒక జంట కారులో పోతూ స్కానర్‌లో పెద్ద రాజకీయ నాయకుల ఫోను సంభాషణ విని, టేపు చేసి బయటపెట్టారు. పార్లమెంటు దాకా దుమారం రేగింది, ఆ జంటకు జరిమానా పడింది. సొంత మాట వేరు, సర్కారు కొలువు మాట వేరు అన్న గీత అప్పుడు అందరికీ స్పష్టమయింది.

అంకెలుగా మారిన గొంతు

తర్వాతి మార్పు డిజిటల్. పోలీసు, ఫైర్ సమాచార అధికారుల సంఘం 1989లో ఒక ఉమ్మడి ప్రమాణం కోసం పని మొదలుపెట్టింది. దాని పేరు ప్రాజెక్ట్ 25. ఏ కంపెనీ సెట్టయినా ఇంకో కంపెనీ సెట్టుతో మాట్లాడాలన్నది ఆశయం. ఇందులో మనిషి గొంతు గొంతుగా పోదు. సెట్టులోని చిప్పు ఆ గొంతు లక్షణాలను కొలిచి సెకనుకు 4,400 బిట్లుగా కుదిస్తుంది. దారిలో పోయే తప్పులు దిద్దుకోవడానికి ఇంకో 2,800 కలుపుతుంది. మిగతా సంకేతాలతో కలిపి మొత్తం సెకనుకు 9,600 బిట్లు. అవతలి సెట్టు ఆ కొలతల నుంచి గొంతును తిరిగి తయారు చేస్తుంది. పాత ఎఫ్.ఎం. ఛానల్ 25 కిలోహెర్ట్జ్ స్థలం తీసుకుంటే ఇది అందులో సగంతో సరిపెట్టుకుంటుంది. రెండో దశలో ఆ సగం చోటులోనే కాలాన్ని వంతులేసి ఇద్దరు మాట్లాడుకోవచ్చు.

ఇంత హడావుడిగా కొత్త వ్యవస్థలు ఎందుకు? దాని వెనక చావులున్నాయి. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచు పడుతుండగా ఎయిర్ ఫ్లోరిడా విమానం వంతెనకు గుద్దుకుని పొటోమాక్ నదిలో పడింది. 78 మంది పోయారు. అరగంటలో అదే నగరంలో మెట్రో రైలు పట్టాలు తప్పి ముగ్గురు చనిపోయారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన సిబ్బంది ఒకరి రేడియో ఒకరికి కలవక తంటాలు పడ్డారు.

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో ఇది ఇంకా ఘోరంగా తెలిసింది. మొదట కూలిన గోపురం 9.59కి కూలింది. రెండోది 10.28కి. మధ్యలో ఉన్న సమయంలో, రెండో గోపురం కూడా నిలవదని పోలీసు హెలికాప్టరు నుంచి చూసి పోలీసు రేడియోలో హెచ్చరించారు. ఫైర్ శాఖ రేడియో వేరు. ఆ మాట వాళ్ళ అధికారులకు చేరలేదు. ఆ రోజు ఫైర్ శాఖ 343 మందిని పోగొట్టుకుంది. ఇందులో బాధ కలిగించే ఇంకో సంగతి ఉంది. అదే శాఖ ఆ సంవత్సరం మార్చిలో కొత్త డిజిటల్ సెట్లు ఇచ్చింది. నేలమాళిగలో చిక్కుకున్న ఒక ఫైర్‌మన్ కేక అందులో సరిగా అందలేదని వారం తిరక్కుండానే వెనక్కి తీసుకుంది. కాబట్టి సెప్టెంబరులో వాళ్ళ చేతుల్లో ఉన్నవి పాత సెట్లే.

ఆ తర్వాత వందల కోట్ల డాలర్లు పెట్టి రాష్ట్రాలకు రాష్ట్రాలు ప్రాజెక్ట్ 25 ట్రంకింగ్ కట్టుకున్నాయి. అన్నీ మంచే జరిగాయని చెప్పలేం. అనలాగ్ రేడియోలో దూరం పోయేకొద్దీ గరగర పెరుగుతుంది, చెవి దాన్ని పసిగడుతుంది. డిజిటల్‌లో చివరిదాకా శుభ్రంగా వచ్చి ఒక్కసారిగా తెగిపోతుంది. రంపాల మోత, అలారం మోత మధ్య గొంతును కొలిచే ఆ చిప్పు తికమక పడుతుందని ఫైర్ సిబ్బంది ఫిర్యాదు చేశారు. 2008లో అమెరికా సర్కారు ప్రయోగశాల పరీక్షల్లో ఆ ఫిర్యాదు నిజమని తేలింది. మంట దగ్గర ఇప్పటికీ అనలాగ్ వాడే ఊళ్ళు చాలా ఉన్నాయి.

మళ్ళీ వెంటపడిన స్కానర్లు

డిజిటల్ రాగానే స్కానర్లు రెండోసారి మూగబోయాయి. 2002, 2003లలో ప్రాజెక్ట్ 25 అర్థం చేసుకునే స్కానర్లు అంగట్లోకి వచ్చాయి. ఖరీదు ఐదువందల డాలర్ల దరిదాపు. అంతటితో కష్టాలు తీరలేదు. కొత్త వ్యవస్థల్లో పది, పదిహేను టవర్లు ఒకే మాటను ఒకే ఛానల్ మీద ఒకేసారి పంపుతాయి. టవరు దూరాన్ని బట్టి ఆ మాట సెకనులో లక్షల వంతు తేడాతో స్కానర్‌కు చేరుతుంది. రెండు గుళ్ళలో ఒకే కీర్తన రెండు మైకుల్లో కొంచెం వెనకాముందుగా వినబడితే మాట ఎలా అలుక్కుపోతుందో అలాగన్నమాట. పోలీసు సెట్టు ఆ తేడాను తట్టుకునేలా తయారైనది. మామూలు స్కానర్ కాదు. అందుకే టవరు కిందనే ఇల్లున్నా మాట తెగుతూ వచ్చేది. 2018లో యూనిడెన్ తెచ్చిన ఎస్.డి.ఎస్. 100తో ఆ చిక్కు చాలావరకు విడింది.

ఇంకోవైపు 2012లో టీవీ చూడడానికి కంప్యూటరుకు గుచ్చుకునే చవక ముక్క ఒకటి మామూలు రేడియో రిసీవరుగా కూడా పని చేస్తుందని కొందరు కనిపెట్టారు. ఇరవై డాలర్ల ముక్క, ఉచిత ప్రోగ్రాము కలిస్తే ఒక కుర్రవాడు ఊరంతటి ట్రంకింగ్ వ్యవస్థను ఇంట్లో కూర్చుని వినవచ్చు, రికార్డు చేయవచ్చు, ఇంటర్నెట్‌లో ప్రపంచానికి పంచవచ్చు. అప్పటిదాకా ఊరి వరండాకు పరిమితమైన సంగతి ఒక్కసారి లోకమంతా పాకింది.

2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ళ తర్వాత నేరస్థుల వేట సాగిన రాత్రి దాని మంచీ చెడూ రెండూ కనబడ్డాయి. లక్షల మంది ఇంటర్నెట్‌లో పోలీసు రేడియో విన్నారు. విన్న సగం మాటకు మిగతా సగం తామే కల్పించి, సంబంధం లేని మనుషుల పేర్లను నిందితులని ఊరూరా చాటారు. తాము వెతుకుతున్న ఇళ్ళ వివరాలు బయట పెట్టవద్దని పోలీసులు బహిరంగంగా వేడుకోవలసి వచ్చింది.

తాళం

ఇప్పుడు మూడో మౌనం. ట్రంకింగ్ అర్థం చేసుకుంటే విడిపోయే చిక్కు, డిజిటల్ కొత్త పెట్టె కొంటే తీరే చిక్కు. ఎన్‌క్రిప్షన్ అలా కాదు, అది తాళం. 256 బిట్ల తాళంచెవి లేకుండా ఏ స్కానరూ దాన్ని విప్పలేదు, విప్పడం చట్టమూ ఒప్పుకోదు.

బ్రిటన్ ఈ దారిలో ముందే పోయింది. 2000 తర్వాత అక్కడి పోలీసులు టెట్రా అనే యూరప్ పద్ధతిలోని ఎయిర్‌వేవ్ వ్యవస్థకు మారారు. 2005 కల్లా జనం వినడం ముగిసింది. అక్కడ పోలీసు రేడియో వినడం మొదటి నుంచీ నేరమే కాబట్టి పెద్ద చర్చ కూడా జరగలేదు. అమెరికాలో ఒక్కో నగరం తనంత తాను తేల్చుకుంటోంది. డెన్వర్ 2019లో పూర్తిగా తాళం వేసింది. 2020 అక్టోబరులో కాలిఫోర్నియా న్యాయశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. పౌరుల పేరు, పుట్టిన తేదీ, లైసెన్సు వివరాలు గాలిలో చదవకూడదని, తాళం వేయండి లేదా వేరే ఏర్పాటు చేయండి అని. చాలా ఊళ్ళు సులువైన దారి అని మొత్తం తాళం వేసేశాయి. షికాగో అరగంట ఆలస్యంగా వినిపించే పద్ధతి పెట్టింది. న్యూయార్క్ 2023లో బ్రూక్లిన్ నుంచి మొదలుపెట్టింది. ఆ కొత్త వ్యవస్థ ఖర్చు సుమారు 39 కోట్ల డాలర్లు. మరోవైపు పాలో ఆల్టో అనే ఊరు 2021లో తాళం వేసి, జనం, పత్రికలు అడిగిన మీదట 2022లో తీసేసింది. ఆ ఊరి పోలీసులు సొంత వివరాలు గాలిలో చదవకుండా వేరే మార్గాల్లో తెలుసుకునే పద్ధతి పెట్టుకున్నారు.

తాళం కూడా నమ్మినంత గట్టిది కాకపోవచ్చు. 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు టెట్రా తాళాల్లో ఒకదాన్ని పరీక్షించారు. 80 బిట్లు అని చెప్పిన తాళంచెవి లోపల 32 బిట్లకు కుదించి ఉందని బయటపెట్టారు. పాతికేళ్ళకు పైగా ఆ సూత్రాన్ని రహస్యంగా ఉంచడం వల్ల ఆ లోపం ఎవరికీ తెలియలేదు.

నా మాట

రైల్వే కంట్రోల్ ఫోను గురించి మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఒక సెక్షన్‌లోని స్టేషన్లన్నీ ఒకే తీగ మీద ఉండేవి. కంట్రోలరు పిలిస్తే ఆ స్టేషన్లోనే గంట మోగుతుంది. కానీ ఏ స్టేషన్లో రిసీవరు ఎత్తినా ఆ సంభాషణ వినబడుతుంది. అందువల్ల మూడు స్టేషన్ల అవతల బండి ఆగిపోతే అడగకుండానే ఇవతలి మాస్టరుకు తెలిసేది. అందరూ వింటున్నారన్న ఎరుక వల్ల మాట్లాడేవాళ్ళ నోరు కూడా అదుపులో ఉండేది. ఎవరు ఎప్పుడు ఏం చెప్పారన్నదానికి సెక్షనంతా సాక్షి.

పోలీసుల వైపు వాదంలో నిజం ఉంది. ఆస్పత్రికి పోతున్న ఆడమనిషి పేరు, జబ్బు, ఇంటి నంబరు వీధంతా వినవలసిన అవసరం లేదు. దాడికి పోతున్న పోలీసు దళం ఎక్కడ నక్కిందో నేరస్థుడి చెవిన పడకూడదు. వాటికి తాళం ఉండాలి. కానీ మామూలు గస్తీ, ఫైర్ కాల్, రోడ్డు ప్రమాదం, వరద హెచ్చరిక ఇవన్నీ ఒకే తాళం కింద పెట్టేస్తే, ఊరిలో ఏం జరిగిందో పోలీసులు చెప్పినదే కథ అవుతుంది. వాళ్ళు ఎంతసేపట్లో వచ్చారు, వచ్చి ఏం అన్నారు అన్నదానికి బయటి చెవి ఉండదు. టాక్‌గ్రూప్ టాక్‌గ్రూప్‌కు విడివిడిగా తాళం వేసే వీలు ఆ వ్యవస్థలోనే ఉంది. అది వాడకుండా అన్నిటికీ కలిపి వేయడం సౌకర్యం కోసం చేసిన పనే అని నా అభిప్రాయం.

పిల్లల దగ్గరికి పోయేవాళ్ళకు రెండు మాటలు. అక్కడ ఇంట్లో కూర్చుని తాళం లేని పోలీసు, ఫైర్ రేడియో వినడం కేంద్ర చట్టం ప్రకారం నేరం కాదు. కానీ న్యూయార్క్, ఫ్లోరిడా, కెంటకీ వంటి కొన్ని రాష్ట్రాల్లో కారులో స్కానర్ పెట్టుకోవడానికి ఆంక్షలున్నాయి. నేరం చేయడానికి దాన్ని వాడితే ఎక్కడైనా శిక్షే. ముచ్చటపడి ఆ పెట్టెను సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడికి మాత్రం తేవద్దు. ఇక్కడి చట్టం ఏమిటో పైన చెప్పాను.

పిల్లల ఊరిలో పోలీసు రేడియో ఇంకా వినబడుతోందా, తాళం పడిందా అని వాళ్ళను అడిగి చూడండి. తాళం వేసే ముందు నగర సభలో జనాన్ని అడిగారా అన్నది కూడా అడగండి. ఆ జవాబులు ఇక్కడ రాస్తే అందరం చదువుకుంటాం.